చేవెళ్ల దాటని సముద్ర యాత్ర

"సముద్రం ఎట్లున్నదన్నా?" అని మా వీధిలో ఇప్పటికీ అడుగుతున్నారు. ఉప్పగానే ఉందని చెబుతున్నాను. అది అబద్ధం కాదు. మేము చూడనంత మాత్రాన దాని రుచి మారిపోదు కదా. బోడుప్పల్ నుంచి గోవా వైపు సముద్రం చూద్దామని బయలుదేరిన మా ప్రయాణం మొయినాబాద్‌కూ చేవెళ్లకూ మధ్యే తిరిగి తిరిగి ఆగిపోయింది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, చేవెళ్లను నేనొక్కణ్ణే దాటాను. మేమిద్దరం దాటలేదు.

నేను చదివింది ఐదో తరగతి. ఆరో తరగతి పక్క ఊళ్లో ఉండేది. ఆ ఊరికి పోదామని లారీ ఎక్కాను, లారీ ఆ ఊళ్లో ఆగలేదు. అట్లా మొదట క్లీనర్‌గా, తర్వాత డ్రైవర్‌గా నలభై ఏళ్లు దాటిపోయాయి. మొన్న మా ఓనరు లారీ అమ్మేసి నాకు శాలువా కప్పాడు. శాలువా కప్పుకుని ఇంటికొచ్చి తలుపు కొడితే నా భార్య రాజమణి లోపలి నుంచి "ఎవరు?" అంది. ఏం తప్పు లేదు. ఆ వేళకు నేనెప్పుడూ ఇంటికి రాలేదు.

లారీ డ్రైవర్ ఇల్లు ఎట్లా ఉంటుందో తెలియని వాళ్లకు చెబుతాను. నెలలో మూడు నాలుగు రోజులు వచ్చిపోయే మనిషికి ఇంట్లో ఒక చోటు ఉంటుంది, అది చుట్టానికిచ్చే చోటు. అది దాటి ఎక్కువ రోజులుంటే ఇల్లు ఇరుకవుతుంది. రాజమణి చాయ్ గిన్నె ఒక్కరికే సరిపోతుంది. నేను పాల ప్యాకెట్‌కు పోతే వెనక నుంచి గొళ్లెం పెట్టుకుంటుంది. కూతురు పెళ్లయి కరీంనగర్ పోయాక అంతా తన ఒక్కదాని లెక్కన అలవాటయింది. నేను జోకు వేస్తే నా వైపు చూసి, "ఇంకేమన్న కావాల్నా?" అంటుంది, దుకాణంలో అడిగినట్టు. అలిగితే బాగుండేది. అలిగిన మనిషి మన గురించి ఆలోచిస్తున్నట్టే కదా.

ఒక పొద్దున ఆమే అంది. "భువనగిరిల మా చెల్లె ఇంట్ల ఒక అర్ర ఖాళీ ఉన్నది. నేను ఆడ ఉంట. నువ్విక్కడ మంచిగ ఉండు. కొట్లాట ఏం లేదు."

కొట్లాట లేదన్న మాటే నన్ను ఎక్కువ కొట్టింది. "సముద్రం చూడలేదు గద నువ్వు. ఒక్కసారి చూసి, ఆ తర్వాత యాడికన్న పో" అన్నాను. ఆమె సరే అంది.

నా దగ్గర ఒక పాత వ్యాను ఉంది. ముందు అందులో బ్రెడ్డు, బన్ను వేసుకుని తిరిగేవారు. దాన్ని తక్కువకు కొని, వెనక ఒక మంచం, స్టవ్వు, చేతులు కడిగే తొట్టి పెట్టించాను. క్యారవాన్ అంటారట. మా వీధిలో మాత్రం ఇప్పటికీ బన్నుల బండి అనే అంటున్నారు. ముందు డ్రైవర్ క్యాబిన్‌కూ వెనక గదికీ మధ్య రేకు గోడ అడ్డం. రాజమణికి మోకాళ్ల నొప్పి, కాళ్లు చాపుకోవాలి. అందుకని వెనకే కూర్చుంటానంది. ఎక్కేటప్పుడు రెండు సంచులు తెచ్చుకుంది. పచ్చది సముద్రానికి. నీలం రంగుది భువనగిరికి.

బయలుదేరే ముందు లారీ చదువు కొంచెం నేర్పాను. "రేకు మీద ఒక దెబ్బ కొడితే ఆపుత. రెండు కొడితే పోనిస్త. క్లీనర్లు గట్లనే కొడతరు. మా యూనివర్సిటీల గింతే సిలబస్."

ఆమె నవ్వలేదు. రెండు దెబ్బలు కొట్టింది. పోనిచ్చాను.

గండిపేట

గండిపేట చెరువు వైపు రోడ్డు మలుపు తిరగగానే రేకు మీద ఒక దెబ్బ పడింది. ఆపి వెనకకు పోయి చూస్తే తొట్టి కింద పైపు ఊడిపోయి, డ్రమ్ములో నీళ్లన్నీ మంచం కిందికి వచ్చాయి. రాజమణి రెండు సంచులూ ఒళ్లో పెట్టుకుని, కాళ్లు పైకి మడుచుకుని కూర్చుంది.

"చెరువు దగ్గర పడ్డది గద, నీళ్లు ముందుగాలనే ఎదురొచ్చినయి" అన్నాను.

"బట్ట ఇయ్యి, తుడుస్త" అంది.

మేము ఆగింది ఒక పెద్ద గేటు ముందు. లోపల కట్టిన ఇళ్లన్నీ ఒకే అచ్చు. తాగి వస్తే ఎవరింట్లో పడుకుంటారో వాళ్లకే తెలియాలి. గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చి బండి చుట్టూ తిరిగి, "ఏమమ్ముతరు బాపు?" అన్నాడు.

"ముసలితనం. అరకిలో ఇయ్యాల్నా?"

"మా ఇంట్ల ఉన్నది" అని ఆయన నవ్వి, తన భార్యను పిలిచాడు. ఆమె పక్కనే రేకుల గదిలో ఉంటుంది. ఆ పెద్ద గేటు లోపలి ఇళ్లలో గిన్నెలు కడుగుతుందట. చేతిలో పాత గుడ్డలు పట్టుకుని వచ్చి మా వ్యాను ఎక్కింది. నేను బండి కింద దూరి పైపుకు తీగ చుడుతున్నాను. పైన నా నెత్తి మీదే వాళ్లిద్దరి మాటలు.

"అక్కా, గీ బండ్లనే వంట గూడ చేస్తరా?"

"చేస్తం. ఇల్లు మోసుకుని తిరిగెతందుకు తాబేలునైన."

ఇద్దరూ నవ్వారు. నేను కింద ఆగిపోయాను. ఆ నవ్వు నాకు తెలియదు. పెళ్లయిన కొత్తల్లో విన్నానేమో, గుర్తు లేదు. ఆ జోకు నేను వేసినా అంత బాగుండేది కాదు. పైకి వచ్చేసరికి రాజమణి ముఖం మళ్లీ మామూలుగా ఉంది, దుకాణం మూసినట్టు.

రోడ్డు పక్కన ఒక చోట చాయ్ తాగాం. కప్పు నలభై రూపాయలు. మా దగ్గర ఆ డబ్బులకు నలుగురు తాగి, పక్కవాడి గురించి మాట్లాడుకునే టైము కూడా దొరుకుతుంది. ఇక్కడ కుర్చీలు చెరువు వైపు వేశారు, అందరూ నీళ్లనే చూస్తారు, ఎవరూ ఎవరినీ చూడరు. మేమూ అట్లాగే చూశాం. ఈ పద్ధతిలో మాత్రం మాకు ముందు నుంచే అనుభవం ఉంది.

మొయినాబాద్

మొయినాబాద్ చేరుతుండగా వెనక కమాన్ పట్టీ విరిగింది. చక్రాల మీద బండి బరువు మోసే ఇనుప పట్టీ అది. చప్పుడు విని నేనే ఆపాను. ఆ పక్కనే షెడ్డు. మెకానిక్ పేరు యాదగిరి. ఆయన షెడ్డుకు పని వచ్చే పద్ధతి చిత్రంగా ఉంది. శనివారం, ఆదివారం పట్నం వాళ్లు ఫాంహౌజులకు పోతారు. పోయేటప్పుడు అద్దాలు ఎత్తుకుని సరాసరి పోతారు. సోమవారం తిరిగి వచ్చేటప్పుడు బండి చెడి ఆయన దగ్గర ఆగుతారు. "పొయ్యేటప్పుడు దండం కూడ పెట్టరన్నా. వచ్చేటప్పుడు అన్న అంటరు" అన్నాడు యాదగిరి.

పట్టీ తెప్పించాలి, పొద్దుగాల దాకా ఆగాలన్నాడు. షెడ్డు ముందే ఆగిపోయాం. యాదగిరి తల్లి జొన్న రొట్టెలు, చింతకాయ తొక్కు పంపింది. మా వైపు తొక్కులో మెంతులు ఎక్కువ వేస్తారు, వీళ్లు వెల్లుల్లి ఎక్కువ వేస్తారు. రొట్టె మాత్రం అంత పల్చగా నేనెక్కడా తినలేదు. లారీ మీద తిరిగిన రోజుల్లో ఎన్ని దాబాల్లో తిన్నానో, ఏ రొట్టె గురించీ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామని రాజమణి వైపు తిరిగాను. ఆమె రొట్టె తుంచి తింటూ రోడ్డు వైపు చూస్తోంది.

"ఏం చూస్తున్నవ్?"

"ఏం లేదు. నువ్వు ఇన్నేండ్లు గిట్లనే రోడ్డు పక్కన తిన్నవా?"

"ఆఁ."

"ఒక్కనివేనా?"

"క్లీనర్ ఉంటుండె."

"నాకు క్లీనర్ గూడ లేకుండె" అంది. కోపంగా కాదు. టమాట ధర చెప్పినట్టు చెప్పింది.

దానికి నా దగ్గర జోకు లేదు. వెతికాను కూడా. చివరికి, "పట్టీ ఒక్కటే విరిగింది, అదృష్టం" అన్నాను. ఆమె తల ఊపి ప్లేట్లు తీసుకుని పోయింది.

రాత్రి మంచం మీద నాకు నిద్ర పట్టలేదు. కదలని బండిలో నడుం చాపి పడుకోవడం నాకు అలవాటు లేదు. ముందుకు పోయి స్టీరింగ్ పక్కన ముడుచుకుని పడుకున్నాను. పొద్దున రేకు మీద రెండుసార్లు చప్పుడైతే లేచి బండి స్టార్ట్ చేశాను కూడా. యాదగిరి పరుగెత్తుకుని వచ్చి, "అన్నా, బండి కింద జాకీ ఉన్నది!" అన్నాడు. చప్పుడు రాజమణి మోచేయి తగిలి వచ్చిందట. చాయ్ పెడుతోంది, ఒక్కరి గిన్నెలో. ముందు యాదగిరికి ఇచ్చింది, మళ్లీ పెట్టి నాకు, మళ్లీ పెట్టి తనకు. పెద్ద గిన్నె కొందామని నేను అనలేదు. భువనగిరి పోయే మనిషికి పెద్ద గిన్నె ఎందుకు?

చేవెళ్ల

కనకమామిడి దాటాక రోడ్డు పక్కన పొలాలు, పొలాల మధ్య పెద్ద పెద్ద ప్రహరీలు. గోడ మీద నుంచి మామిడి కొమ్మలు బయటికి తొంగిచూస్తుంటాయి. ఇట్లాంటివి చూసినప్పుడల్లా రేకు వైపు తిరిగి ఏదో ఒకటి అంటూనే ఉన్నాను. రేకు ఏమీ అనలేదు.

చేవెళ్ల మార్కెట్ దగ్గర ఒక దెబ్బ పడింది. ఆపాను. రాజమణి దిగి, "టమాటలు తెస్త. జర ఆగు" అంది. నేను ఇంజన్ ఆపకుండా కూర్చున్నాను. టమాట డబ్బాలు ఎక్కించే బండ్లు, చామంతి మూటలు, హమాలీల అరుపులు. వాసనకు కళ్లు మూసుకుంటే పెళ్లింట్లో ఉన్నట్టు, తెరిస్తే పెళ్లివాళ్లు కొట్లాడుకుంటున్నట్టు ఉంది.

అప్పుడు బండి వెనక రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి. ధబ్, ధబ్.

నలభై ఏళ్లు ఆ చప్పుడుకే బతికాను. దెబ్బలు పడితే చేయి గేరు మీదికి పోతుంది, కాలు క్లచ్ మీద నుంచి లేస్తుంది. మధ్యలో నేనెక్కడా ఉండను. బండి కదిలింది, ఊరు దాటింది, మన్నెగూడ వైపు పడింది.

రోడ్డు ఖాళీగా ఉంది. మొయినాబాద్‌లో ఆమె అన్న మాట నా లోపల తిరుగుతూనే ఉంది. ముఖం చూస్తూ చెప్పలేనివి రేకుకు చెప్పడం సులువు. నేను మొదలుపెట్టాను. "రాజమణీ, నాకు జోకులే వస్తయి, ఇంకేం రాదు. ఇంట్ల ఎట్ల ఉండాల్నో నాకెవ్వరు నేర్పలే. నువ్వు నేర్పుతవనుకున్న. చెల్లె ఇంటికి పోకు. చాయ్ నేను పెడత. గొళ్లెం పెట్టుకుంటే పెట్టుకో, తీసేదాక బయట నిలబడత. పోకు."

అరిచి చెప్పాను, ఇంజన్ చప్పుడు దాటి వినపడాలని. తర్వాత బండి మెల్లగా నడుపుతూ చూశాను. ఒక దెబ్బ పడినా చాలు. రెండు పడినా సరే. ఏమీ పడలేదు.

విని ఊరుకుంటే ఏడుస్తోందేమో అనుకున్నాను. పక్కకు ఆపి, దిగి, వెనక తలుపు తీశాను. మంచం మీద పచ్చ సంచి, నీలం సంచి ఉన్నాయి. రాజమణి లేదు. ఫోను చేశాను. నీలం సంచిలో మోగింది.

లారీ నడిపినన్నాళ్లూ కోట్ల విలువైన సరుకు మోశాను. ఒక్క పెట్టె కూడా ఎక్కడా దింపి మరిచిపోలేదు.

మళ్లీ చేవెళ్ల

తిరిగి వచ్చేటప్పుడు క్లచ్ మీద నుంచి కాలు తీయలేదు. ఏడుస్తూ ఉంటుందా, తిడుతూ ఉంటుందా, పట్నం బస్సెక్కి అటు నుంచి అటే భువనగిరి పోయిందా? సంచి కూడా అవసరం లేకుండా పోగలదు ఆమె.

మార్కెట్‌లో టమాటల కుప్ప పక్కన పీట మీద కూర్చుని ఉంది. అమ్మే ఆమెతో కలిసి పచ్చివి ఒక వైపు, పండినవి ఒక వైపు ఏరుతోంది. ఇద్దరూ నవ్వుతున్నారు. నన్ను చూసి రాజమణి నవ్వు ఆపింది.

అమ్మే ఆమె మాత్రం ఆపలేదు. "ఏందన్నా, పెండ్లాన్ని ఇడిసిపెట్టి పోయినవా? టమాటలైతే ఎక్కించుకుని రసీదు గూడ అడుగుతుంటివి!"

"రెండు దెబ్బలు పడ్డయి గద" అన్నాను.

"మా హమాలి కొట్టిండు. నీ బండి అడ్డమున్నది, జరుపమని."

నేను రాజమణి ముందు కూర్చున్నాను. "భయం కాలేదా?"

"ఎందుకు? డ్యూటీకి పోయినవనుకున్న."

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు. ఆమె మాత్రం నవ్వలేదు. అది జోకు కాదని మా ఇద్దరికే తెలుసు.

బండి ఎక్కేటప్పుడు అడిగింది, "నేను లేనని అంత దూరం దాక ఎరుక గాలేదా?"

"నీతోని మాట్లాడుకుంట పోయిన."

"ఏం మాట్లాడినవ్?"

చెప్పొచ్చు. ఒకసారి చెప్పిందే కదా. కానీ ఎదురుగా ఆమె ముఖం ఉంది. "జోకులు" అన్నాను.

"నేను నవ్విననా?"

"నవ్వలే."

"మరింక నేను ఉన్నట్టే గద" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మళ్లీ మొయినాబాద్

ఊరు దాటకముందే క్లచ్ కాలిన వాసన. ఫోను చేస్తే యాదగిరి వచ్చి, బండికి తాడు కట్టి, మొయినాబాద్ దాకా లాక్కుపోయాడు. తాడు వెనక పోయే బండిలో స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటే డ్రైవర్‌కు అంతకన్నా అవమానం లేదు. వెనక నుంచి ఒక్క చప్పుడు లేదు.

క్లచ్ ప్లేటు మార్చి యాదగిరి చేతులు తుడుచుకున్నాడు. "సముద్రం ఫికర్ మర్చిపో అన్నా. గీ బండి ఘాట్ ఎక్కదు. మెల్లగ ఇల్లు చేరుకోండ్రి." తర్వాత క్యాబిన్ వెనక రేకు మీద గోరుతో కొట్టి, "దీనికి చిన్న కిటికీ కొయ్యాల్నా? ఇద్దరు మాట్లాడుకోవచ్చు" అన్నాడు.

"వద్దు" అన్నాను. అదే క్షణంలో రాజమణి కూడా "వద్దు" అంది. చాలా ఏళ్లకు మేమిద్దరం ఒక మాట మీద నిలబడ్డాం. ఆమె ఎందుకు వద్దందో తెలియదు. నాకైతే ఆమె నవ్వకపోవడం కళ్లతో కూడా చూడాలని లేదు.

రాజమణి నీలం సంచి తీసి భుజానికి వేసుకుంది. "బస్సు దొరుకుతది గద ఈడ?"

యాదగిరి పని ఉన్నట్టు షెడ్డులోకి పోయాడు.

"బస్సెందుకు? నేనే దింపుత" అన్నాను. "భువనగిరి తొవ్వ మన బోడుప్పల్ మీదికెళ్లే గద. మన గల్లీ కాడికి వచ్చినంక నువ్వే చెప్పు. ఒకటి కొడితే ఇంటి కాడ ఆపుత. రెండు కొడితే భువనగిరి పోనిస్త. ఎందుకని అడుగ."

ఆమె నన్ను చూసింది. సంచి దించలేదు, అట్లాగే భుజాన వేసుకుని వెనక ఎక్కింది. నేను ముందుకు పోయి కూర్చున్నాను. రెండు దెబ్బలు పడ్డాయి. చేయి గేరు మీదికి పోయింది. ఈసారి దాన్ని వెనక్కి లాక్కుని, దిగి, బండి చుట్టూ పోయి తలుపు తీశాను.

"ఏమైంది?"

"ఉన్నవా అని."

"మరి కొట్టింది దయ్యమా?" అంది. తలుపు తనే వేసుకుంది.

బోడుప్పల్

పట్నం దాటడం గురించి రాయడానికి ఏమీ లేదు. సిగ్నళ్లు, హారన్లు. నేను ఒక్క జోకు వేయలేదు. ఉప్పల్ దాటాక చెవులు రెండూ వెనకే ఉన్నాయి. మా గల్లీ మలుపు దూరం నుంచే కనపడింది. మెల్లగా పోనిచ్చాను. వెనక వాళ్లు హారన్ కొడుతున్నారు, కొట్టనీ. మలుపు పక్కకు వచ్చింది. చప్పుడు లేదు. ముందు చక్రం మలుపు దాటింది.

అప్పుడు పడ్డాయి. ఒకటి, రెండు. బండి ముందుకు దూకబోతుండగా మూడోది.

లారీ చదువులో మూడు లేదు. బ్రేకు వేసి దిగి వెనకకు పోయాను. తలుపు తీస్తే రాజమణి మంచం అంచున కూర్చుని ఉంది, చేయి ఇంకా రేకు మీదే ఉంది.

"మూడంటే ఏంది?" అన్నాను.

"ఒకటి కొడితే ఆగుతవ్. రెండు కొడితే పోతవ్" అంది. "అర్థం గాకుంటే దిగి వచ్చి అడుగుతవా లేదా అని చూసిన."

"వచ్చిన గద."

"ఆఁ." చేయి రేకు మీద నుంచి తీసింది. "వచ్చినవ్."

వెనక బండ్ల వాళ్లు తిడుతున్నారు. ఆమె పచ్చ సంచి నా చేతికిచ్చి, మోకాలు పట్టుకుని మెల్లగా దిగి, గల్లీలోకి నడిచింది. నేను బండి పక్కకు తీసి ఆమె వెనకే పోయాను. తలుపుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టలేదు.

నీలం సంచి బండిలోనే ఉంది. ఆమె దించలేదు. దించమని నేను అడగలేదు. రోజూ పొద్దున్నే రెండు చాయ్‌లు పెట్టి, ఒక్కరి గిన్నెలోనే, ఒకదాని తర్వాత ఒకటి, ఆమెది ఆమెకిచ్చి, నాది పట్టుకుని బయటికి వస్తాను. బన్నుల బండి తలుపు తీసి, ఆ సంచి ఉందో లేదో చూస్తాను. ఉంటుంది. తలుపు మళ్లీ వేస్తాను.